గడువు తీరిన పేరు

ముందు గదిలో గొళ్ళెం పడిన చప్పుడు వినగానే అల్లుడు తెర వెనకాల ఎక్కడున్నవాడు అక్కడే ఆగిపోయాడు. అత్తగారి దుకాణంలో గొళ్ళెం పడిందంటే ఎవరో ఒక ఆడమనిషి తలమీంచి విగ్గు తీస్తోందని అర్థం. అలాంటప్పుడు మగపురుగన్నది అటు రాకూడదు. కరెంటు బాగుచేసేవాడైనా, అల్లుడైనా తెర ఇవతల గోడలు చూసుకుంటూ కూర్చోవలసిందే. అల్లుడి విషయంలో అత్తగారు పాటించే నియమాలు చాలానే ఉన్నాయి గానీ, వాటిలో అతనికి అనుకూలం కానిది ఇదొక్కటే.

అతని చేతిలో కాగితం పొట్లం ఉంది. తను పనిచేసే ప్రెస్సులో పొద్దున్నే కోయించి తెచ్చిన కొత్త లేబుళ్ళవి. వేలెడంత శాటిన్ ముక్క మీద నీలం అక్షరాలతో దుకాణం పేరు, దాని కింద వెబ్‌సైట్ అడ్రసు. అత్తగారు ప్రతి విగ్గు లోపలా, మెడకి తగిలే చోట వీటిని కుడుతుంది. పెద్ద జబ్బులకి మందులు వాడి జుట్టు రాలిపోయిన ఆడవాళ్ళకి విగ్గులు అల్లడం ఆవిడ పని. సన్నటి జాలీ బట్టని చెక్క తలకి తొడిగి, కొక్కెం సూదితో ఒక్కొక్క వెంట్రుకనీ లాగి ముడి వేస్తుంది. ఒక్క పాపిడి తీర్చడానికే మెడలు పడిపోతాయి.

"అమ్మా, కత్తెరుంటే ఓసారి ఇవ్వండి" అంది వచ్చినావిడ. గొంతుని బట్టి టీచరమ్మ అని పోల్చుకున్నాడు.

"ఎందుకమ్మా? బిగుతుగా ఉంటే నేను సర్దుతాగా."

"బిగుతు కాదు. లోపలున్న ఈ లేబుల్ తీసెయ్యాలి."

బల్లమీంచి కత్తెర తీసిన చప్పుడైంది. తర్వాత టీచరమ్మే అందుకుంది. "నిన్న మా పెద్దమ్మాయి దీన్ని కడిగిపెడతానంది. ఎలా కడగాలో ఆ అడ్రసులో చూడమన్నాను. మీరే చెప్పారు కదా, అన్నీ అందులో ఉంటాయని."

"ఉంటాయమ్మా. మా అల్లుడుగారు బొమ్మలతో సహా పెట్టారు."

"బొమ్మలకేం, ఉన్నాయిలెండి. ఒంటిమీద నూలుపోగు లేని ఆడవాళ్ళు కూర్చుని పేకాటకి రమ్మంటున్నారు. మా అమ్మాయి ఫోన్ నా చేతికిచ్చి, అమ్మా, నువ్వు వెళ్తున్నది ఎలాంటి చోటికి, అని అడిగింది. ఏం చెప్పమంటారు?"

తెర వెనక అల్లుడు ఫోన్ తీసి అడ్రసు కొట్టాడు. ఆకుపచ్చ బల్ల, తిరుగుతున్న చక్రం, దాని పక్కన టీచరమ్మ చెప్పిన బాపతు నవ్వులు. మొదటి ఆట ఉచితమట. పైన గడిలో అత్తగారి దుకాణం పేరు మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. తను ఫోటోలు తీసి, మాటలు కూర్చి, చుట్టాలందరినీ పిలిచి చూపించి మెప్పులు పొందిన పేజీ ఒక్కటీ లేదు. అసలు తను దాన్ని తెరిచి చూసి ఎన్నాళ్ళయిందో కూడా అతనికి గుర్తు రాలేదు. కట్టిన రోజున ఉన్న ముచ్చట కట్టాక ఉండదు. ఇల్లయినా అంతే, వెబ్‌సైటయినా అంతే.

టీచరమ్మ వెళ్ళిపోయాక తెర తొలగించుకుని బయటికొచ్చాడు. అత్తగారు బల్ల దగ్గర నిలబడి కత్తిరించిన లేబుల్ ముక్కని వేళ్ళతో సాపు చేస్తోంది. అతన్ని చూడగానే అలవాటు ప్రకారం కుర్చీ వదిలి పక్కకి జరిగింది.

"దొంగలు ఎత్తుకుపోయారు అత్తయ్యా. హ్యాకింగ్ అంటారు దీన్ని" అన్నాడు. అబద్ధం ఆడాలని ముందుగా అనుకోలేదు. నోట్లోంచి అదే వచ్చింది. వచ్చాక బాగానే ఉందనిపించింది.

"అయ్యో, ఎంత కష్టపడి కట్టారు. మనమేం చేశామని మన మీద పడ్డారు?" అని ఆవిడ నొచ్చుకుంది. లోపలికి వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. అతను ఆ నీళ్ళు తాగాడు. లేబుళ్ళ పొట్లం మాత్రం బల్ల మీద పెట్టడానికి చెయ్యి రాక, సంచిలోకి తోసేశాడు.

*

మధ్యాహ్నం ప్రెస్సులో మిషన్ల హోరుకి దూరంగా, కాగితం రీళ్ళ వెనక్కి వెళ్ళి, వెబ్‌సైట్ పేర్లు అమ్మే కంపెనీకి ఫోన్ చేశాడు. అవతల ఓ అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. అంత మర్యాదగా కాకపోయినా బాగుండేది.

"మీ పేరుని ఎవరూ దొంగిలించలేదు సార్. గడువు తీరిపోయింది."

"నేను కొనుక్కున్న పేరండీ అది."

"కొనుక్కోరు సార్, అద్దెకి తీసుకుంటారు. ఏటా కట్టాలి. కట్టకపోతే కొన్నాళ్ళు ఊరికే ఆగుతాం, అప్పుడు కట్టినా మీకే ఉంటుంది. అదీ దాటితే పక్కన పెడతాం, జరిమానాతో విడిపించుకోవచ్చు. అదీ దాటితే వదిలేస్తాం. అలా వదిలేసే పేర్ల కోసం కాచుకుని ఉండేవాళ్ళుంటారు. మనుషులు కూడా కాదు సార్, మిషన్లు. మేం వదిలీ వదలగానే పట్టేస్తాయి."

"మరి ఒక్క మాట చెప్పాలి కదండీ ముందు?"

"చాలాసార్లు మెయిల్ పంపాం సార్. మీరు ఇచ్చిన అడ్రసుకే." ఆ అమ్మాయి అడ్రసు చదివి వినిపించింది. అత్తగారి దుకాణం పేరు మీదే ఉన్న మెయిల్ అది.

అల్లుడికి గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. ఆ మెయిల్ సృష్టించింది తనే. మామూలు అడ్రసు ఇస్తే ఏం గొప్పగా ఉంటుందని, దుకాణం పేరుతోనే ఒకటి తెరిచి, అన్ని కాగితాల మీదా అదే రాశాడు. తర్వాత దాన్ని తెరిచిన పాపాన పోలేదు. అత్తగారికి మెయిల్ తెరవడం రాదు. నేర్పుతానని అన్నాడే గానీ నేర్పలేదు. గుర్తుచేసే మెయిళ్ళన్నీ వెళ్ళి ఆ పెట్టెలో పడ్డాయి. పేరు గడువు తీరిన రోజున ఆ పేరుమీదున్న పెట్టె కూడా మూతబడింది. తాళంచెవి లోపల పెట్టి తలుపు లాగేసుకున్నవాడి తెలివన్నమాట.

"ఇంకేమైనా సహాయం కావాలా సార్?" అంది ఆ అమ్మాయి.

అక్కర్లేదన్నాడు. పక్క మిషన్ దగ్గర కుర్రాళ్ళు ఏదో జోకుకి నవ్వితే తన మీదేనేమో అనిపించి చెవులు వేడెక్కాయి.

ఆ పేరు ఇప్పుడు పట్టుకున్నవాళ్ళకి రాయడానికి వెతికితే ఒక ఫారం దొరికింది. తిరిగి అమ్ముతారా అని, ఇది జబ్బు మనుషులకి సంబంధించిన విషయమని బతిమాలుతూ రాసి పంపాడు. చేతులు కాలాక పట్టుకునే ఆకులే అయినా, పట్టుకోకుండా ఉండలేకపోయాడు.

*

రాత్రి భోజనాల దగ్గర భార్య మామూలుగానే అడిగింది. "అమ్మ చెప్పింది. దొంగలు ఎలా పడతారండీ దానిమీద? మనం ఏటా ఏదో కట్టాలి అనేవారు, అది కట్టారా?"

ఆమె మనసులో అనుమానం లేదు. కూర వడ్డిస్తూ ఊసుపోక అడిగిన మాట. కానీ తేలు కుట్టిన దొంగకి దీపం వెలిగించిన ప్రతివాడూ పోలీసే.

"అంటే నేను కట్టలేదంటావు. మీ అమ్మకి ఊరికే చేసి పెట్టినందుకు ఈ మాట కూడా పడాలి కాబోలు" అన్నాడు.

"నేనేమన్నానని?"

"ఏమీ అనలేదులే. ఎప్పుడూ ఏమీ అనవు నువ్వు."

కంచం ముందునుంచి లేచిపోయాడు. చెయ్యి కడుక్కుని ముందు గదిలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. అతనికి అరిచే అలవాటు లేదు. చెయ్యి ఎత్తడం అసలే లేదు. ఆ సంగతి ప్రెస్సులో నలుగురిలో చెప్పుకుంటాడు కూడా. అలిగితే మాట్లాడడు, అంతే. ఒక పూట మాట్లాడకపోవడం ఉంది, వారం మాట్లాడకపోవడమూ ఉంది. ఆమె వచ్చి మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి, కాసేపు నిలబడి, వెళ్ళిపోయింది. పేపరులో అతను ఒక్క అక్షరం చదవలేదు. తప్పు నాది అని చెప్పడానికి లేద్దామనుకున్నాడు. లేచి చెప్తే, ఇందాక లేచిపోయిన దానికి కూడా సమాధానం చెప్పుకోవాలి. అందుకని లేవలేదు.

*

మర్నాడు ప్రెస్సుకి సెలవు పెట్టి దుకాణానికి వెళ్ళేసరికి అత్తగారు అలమరలోని విగ్గులన్నీ దించి బల్లమీద తిరగేసి పెట్టింది. కుట్లు విప్పే సన్నటి పనిముట్టుతో లేబుళ్ళు తీస్తోంది. ఇంతకాలం జారిపోకుండా దగ్గర దగ్గరగా వేసిన కుట్లు. జాలీ చిరిగితే పైనున్న ముడులు జారిపోతాయి కాబట్టి ఒక్కో దారాన్నీ వేలిగోటితో ఎత్తి, కోసి, లాగాలి.

"నేను కూడా తీస్తాను అత్తయ్యా."

"మీకెందుకు అల్లుడుగారూ ఈ పని. కూర్చోండి."

అతను వినకుండా ఒకటి తీసుకున్నాడు. మొదటి దారానికే జాలీ పట్టి లాగింది. ఆవిడ చూసింది గానీ ఏమీ అనలేదు. దాన్ని మెల్లిగా తన వైపు తీసుకుని, సులువుగా ఊడొచ్చేది ఒకటి అతని ముందు పెట్టింది.

"ఇవంటే మన దగ్గరున్నవి. ఇప్పటికే పట్టుకెళ్ళినవాళ్ళ మాటేమిటి? అందరికీ ఫోన్ చేసి చెప్పలేమా?" అన్నాడు.

"ఎవరికని చేస్తాను? పేర్లెక్కడున్నాయి?"

నిజమే. ఆ దుకాణంలో పేర్లు రాయరు. ఒక్కో తలకీ కాగితంతో కత్తిరించిన కొలత ఉంటుంది, దానికో రంగు గుండీ కుట్టి ఉంటుంది. వచ్చినావిడ నాది పచ్చ గుండీ అంటే ఆ కొలత తీస్తారు. బజార్లో ఎదురుపడినా వాళ్ళు పలకరిస్తే తప్ప అత్తగారు పలకరించదు. విగ్గు పెట్టుకున్నారని పదిమందికీ తెలియడం ఇష్టం లేనివాళ్ళు కదా, నా పలకరింపే వాళ్ళని పట్టిస్తుంది అంటుంది. వాళ్ళని ఈ దుకాణానికి కలిపిన దారం ఆ అడ్రసొక్కటే. ఎలా కడగాలి, ఎండలో పెట్టొచ్చా, ముందువైపు ఊడొస్తే ఏం చెయ్యాలి, అన్నీ అక్కడే చూసుకునేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళు ఎక్కడెక్కడ కూర్చుని ఆ పేరు కొడుతున్నారో, పక్కన ఎవరున్నారో.

అతని ఫోన్ మోగింది. పేరు పట్టుకున్నవాళ్ళ జవాబు. రెండే వాక్యాలు. ఆసుపత్రుల పేజీలూ, రోగుల సంఘాల పేజీలూ ఎన్నో ఈ పేరువైపు దారి చూపిస్తున్నాయి కాబట్టే దీన్ని తీసుకున్నాం. అమ్మే ఉద్దేశం లేదు.

అతను రెండుసార్లు చదివాడు. వాళ్ళకి కావలసింది ఆ అక్షరాలు కాదు. అత్తగారు మెడలు విరగదీసుకుని, గొళ్ళేలు వేసుకుని, ఎవరి గుట్టూ ఎవరికీ చెప్పకుండా సంపాదించుకున్న నమ్మకం. దాన్ని తను బజార్లో వదిలేస్తే దారిన పోయేవాడు తీసుకుని చక్రం తిప్పుకుంటున్నాడు.

"వాళ్ళు ఇవ్వరట అత్తయ్యా."

"దొంగలు ఎందుకిస్తారు" అంది ఆవిడ తల ఎత్తకుండా. దారం ఒకటి నోటితో తెంపి, "ఆసుపత్రుల్లో మన కార్డులు పంచే నర్సమ్మలున్నారుగా. వెళ్ళి చెప్పుకొస్తాను. కార్డులు ఆపేస్తారు, చూపించుకోవడానికి వచ్చినవాళ్ళకి చెప్తారు. మన దగ్గరికొచ్చేవాళ్ళంతా వాళ్ళ చేతులమీదుగా వచ్చినవాళ్ళేగా" అంది.

"నేనూ వస్తాను."

"ఎండండీ" అంది. కానీ వద్దనలేదు. అల్లుడి మాటకి వద్దనడం ఆవిడకి చేతకాదు.

*

మర్నాడు వెళ్ళిన మొదటి రెండు ఆసుపత్రుల్లోనూ అతను వరండాలోనే ఉండిపోయాడు. ఆడవాళ్ళ వార్డులు, లోపలికి రాకూడదన్నారు. ఆవిడ లోపలికెళ్ళి కాసేపటికి వచ్చేది. "ఏమన్నారు" అని అడిగితే "సరే అన్నారు" అనేది. ఆ సరేలో ఏముందో అతను తరచి అడగలేదు.

చివరి ఆసుపత్రిలో పెద్ద నర్సు గది వార్డు బయటే ఉంది. ఇద్దర్నీ రమ్మంది. ఎదురుగా బెంచీ మీద మందు ఎక్కించుకోవడానికి వంతు కోసం కూర్చున్న ఆడవాళ్ళు, తలకి గుడ్డలు చుట్టుకుని ఉన్నారు. తలుపు తీసే ఉంది. పెద్ద నర్సు సొరుగులోంచి దుకాణం కార్డుల కట్ట తీసి బల్లమీద పడేసింది.

"మొన్న ఒక పిల్ల వచ్చి నా ముందు ఏడ్చింది. పెళ్ళి కుదిరిన పిల్ల. ఈ అడ్రసు అత్తవారింట్లో వాళ్ళ ముందే తెరిచిందట. నేనిచ్చిన కార్డమ్మా అది. నా చేత్తో ఇచ్చాను. ఏమిటిది?"

"నా తప్పేనమ్మా" అంది అత్తగారు. "ఏటా కట్టాలి దానికి. నేనే మర్చిపోయాను. గుర్తుచేస్తూ ఎన్నోసార్లు రాశారు, నేను చూసుకోలేదు."

అల్లుడు చప్పున తలెత్తి ఆవిడ వైపు చూశాడు. ఏటా కట్టాలనీ, గుర్తుచేస్తూ రాశారనీ ఆవిడకి తను ఎన్నడూ చెప్పలేదు.

"మర్చిపోవడానికి ఇదేమైనా పాలపద్దా?" పెద్ద నర్సు గొంతు పెంచింది. బెంచీ మీది తలలన్నీ ఇటు తిరిగాయి. "వయసు మీద పడితే చేతకాదని మానెయ్యాలి. మీ చేతి పని మంచిదని ఇన్నేళ్ళూ నేను ఇంకొకరి పేరు చెప్పలేదు. రేపటినుంచి ఇంకెవరినైనా చూసుకుంటాను."

అత్తగారు తల వంచుకుని నిలబడింది. రెండు చేతులతో సంచిని పొట్టకి ఆనించి పట్టుకుంది. చీవాట్లు తినే బడిపిల్లలా లేదు. ఇది తనకి రావలసిందే అన్నట్టు నిలబడింది. ఇప్పుడు చెప్పాలి, ఈ మాట అయిపోగానే చెప్పాలి అనుకున్నాడు అల్లుడు. ఆ మాట అయిపోయింది. ఇంకో మాట మొదలైంది. అదీ అయిపోయింది. అతను గోడమీద చేతులు కడుక్కునే పద్ధతి బొమ్మలు చూస్తూ నిలబడ్డాడు.

బయటికొచ్చాక ఆవిడ బస్టాపు వైపు నడిచింది. "కార్డులు అక్కడే మర్చిపోయాం, తీసుకొస్తాను" అని చెప్పి అతను వెనక్కి తిరిగాడు. మెట్లు ఎక్కాడు. ఎన్నాళ్ళకో ఒక సరైన పని చేస్తున్నానన్న ధైర్యం అతన్ని లోపలికి తోసింది.

"మేడమ్, ఒక మాట. తప్పు ఆవిడది కాదు. ఆ వెబ్‌సైట్ చూసుకునేది నేను. గడువు దాటిపోనిచ్చింది నేను. మెయిల్ అడ్రసు తప్పుగా పెట్టింది కూడా నేనే. ఆవిడకి అసలు ఇదేమిటో తెలియదు."

పెద్ద నర్సు కళ్ళజోడు తీసి అతని వైపు చూసింది. మొహంలో కోపం కరిగి ఏదో మెత్తదనం వచ్చింది.

"మీరిలా వస్తారని ఆవిడ ముందే చెప్పింది" అంది.

"ఎవరు?"

"మీ అత్తగారే. వస్తున్నానని పొద్దున్న ఫోన్ చేసినప్పుడు. మా అల్లుడు వచ్చి తప్పంతా తనమీద వేసుకుంటాడు, నమ్మకండి, నా పరువు పోకూడదని ఆయన తాపత్రయం, మనసు అలాంటిది అంది." కార్డుల కట్ట అతని చేతికిచ్చింది. "కన్నకొడుకులే పట్టించుకోని రోజులివి. అదృష్టవంతురాలు."

"కాదండీ, నిజంగానే నేను..."

"తెలుసులెండి" అని నవ్వింది. "అందరి ముందూ అన్నానని ఏమీ అనుకోవద్దని ఆవిడతో చెప్పండి. మీ మొహం చూసి ఇంకో అవకాశం ఇస్తాను. కొత్త అడ్రసు వచ్చాక కార్డులు పంపండి."

బెంచీ మీద కూర్చున్న ఆడవాళ్ళలో ఒకావిడ అతనికి దారి ఇస్తూ కాళ్ళు ముడుచుకుంది. ఆవిడ కూడా అంతా విన్నట్టుంది, గౌరవంగా చూసింది. తిట్లు తిన్నా ఇంత సిగ్గుపడేవాడు కాడు. ఆ చూపుకి తల కొట్టేసినట్టయింది.

*

బస్టాపులో నీడ ఒక మూలకే ఉంది. అతన్ని చూసి అత్తగారు ఆ నీడ వదిలేసి ఎండలోకి జరిగింది. అతను కూర్చోలేదు.

"మీకెప్పుడు తెలిసింది అత్తయ్యా?"

ఆవిడ తప్పించుకోవాలని చూడలేదు. "ఆవేళే. ఆ కంపెనీ అమ్మాయి దుకాణం నంబరుకి ఫోన్ చేసింది. మీవాళ్ళు మాతో మాట్లాడారు, మా జవాబు తృప్తిగా ఉందా అని అడిగింది. ఏం జవాబిచ్చావమ్మా అంటే మొత్తం చెప్పింది. తృప్తిగానే ఉందన్నాను."

ఇంకో రోజైతే ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

"మరి నన్ను ఒక్క మాటైనా అనలేదే?"

ఆవిడ సంచి పిడిని వేలికి చుట్టి విప్పింది. మళ్ళీ చుట్టింది.

"ఎలా అంటాను చెప్పండి. మర్నాడు పొద్దున్నే మా అమ్మాయి ఫోన్ చేసింది. కంచం ముందునుంచి లేచిపోయారనీ, మాట్లాడటం లేదనీ. అది ఊరికే అడిగినందుకే అలా అయితే, నేను తప్పు మీదంటే..." ఆగి, రోడ్డు వైపు చూసింది. "నర్సమ్మ కేకలేస్తే ఒక్క పూటతో పోతుంది. ఇంట్లో మీరు మాట మానేస్తే ఎన్నాళ్ళో ఎవరికి తెలుసు. ఇక్కడ నేను పడటమే నయం కదా."

కుర్చీ వదిలి లేవడం, నీడ వదిలి జరగడం, వద్దనకపోవడం, అల్లుడుగారూ అనే పిలుపు. ఇవన్నీ తనకి జరుగుతున్న మర్యాదలని ఇన్నేళ్ళూ మురిసిపోయాడు. పెద్దగా అరవని మంచివాడినని అనుకుంటూ తిరిగాడు. ఆ మంచివాడికి కోపం రాకుండా ఇద్దరు ఆడవాళ్ళు రోజూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని మసలుతున్నారని అతనికి ఇప్పుడు తెలిసింది.

"తప్పు నాదే అత్తయ్యా. ఇంటికెళ్ళి తనతో చెప్తాను" అన్నాడు చివరికి.

ఆవిడ మొహంలో కంగారు వచ్చింది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"చెప్పకండి. చెప్తే, అమ్మాయి ఫోన్ చేసి నాతో అన్నదని మీకు గుర్తొస్తుంది. చిన్నపిల్ల, మనసాగక అంది. దాన్ని ఏమీ అనకండి, మీకు దణ్ణం పెడతాను."

అని నిజంగానే చేతులు జోడించింది. ముడులు వేసి వేసి చివర్లు గట్టిపడిన వేళ్ళు. ఆ చేతులు పట్టుకుని కిందికి దించాలని అతనికి బలంగా అనిపించింది. ఆ పని చెయ్యడానికి కాస్త చనువు ఉండాలి. కొడుకైతే ఉండేది. బస్సు వచ్చి ఆగింది. ఆవిడ చేతులు దించి, మీరు ముందెక్కండి అంటూ పక్కకి జరిగి నిలబడింది.